కొమ్ముల చేప కళ్ళు తెరవలేదు

నా చిన్నప్పుడు నా కాళ్ళూ నా నోరూ ఒకచోట నిలిచేవి కావు. పుంగనూరులో పశువుల సంత జరిగే మైదానానికి రెండు వీధుల అవతల మా ఇల్లు. బడి నుంచి వచ్చి పలక గూట్లో పెట్టీ పెట్టకముందే మళ్ళీ వీధిలో ఉండేదాన్ని. ఏం చూసినా దాన్ని ఎవరికో ఒకరికి చెప్పేదాకా నాకు ఊపిరాడేది కాదు. చెప్పేటప్పుడు చూసింది ఒక్కటీ చాలేది కాదు. సంతలో ఒక ఎద్దు తాడు తెంచుకుని పరుగెత్తితే, నా నోట్లో పడేసరికి అది ముగ్గురిని కుమ్మి, ఒక బండిని బోల్తా కొట్టించి పోయేది. అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించేది కాదు. చూసినదానికి ఇంకాస్త ఉప్పూ కారం వేస్తున్నానని అనిపించేది.

ఆ కథలు వినడానికి నాకొక మనిషి ఉండేది. మా ఎదురింటి పిల్ల. నా ఈడుదే, తొమ్మిదేళ్ళు. మాట తక్కువ. నేను చెబుతూ ఉంటే పావడా అంచును గుప్పిట్లో బిగించి పట్టుకుని, రెప్ప వేయకుండా వినేది. ఆమె నమ్మినంతగా నన్ను తర్వాత ఎవ్వరూ నమ్మలేదు. ఆ నమ్మకం ఎంత బరువైనదో అప్పుడు నాకు తెలియదు.

డెబ్బైల్లో ఒక ఎండాకాలం మొదట్లో మా ఊరి జాతరకు ఒక గుడారం వచ్చింది. దాని ముందు పెద్ద బొమ్మల గుడ్డ కట్టారు. కొమ్ములున్న నల్లటి రాక్షసి ఒక ఓడను రెక్కల్లో చుట్టుకుని నీళ్ళలోకి లాగుతూ ఉంది. ఎర్రటి కళ్ళు, నోటి నిండా కోరలు. గుడారం ముందు ఒకాయన పలక డప్పు కొడుతూ, తమిళం కలిసిన తెలుగులో, 'సముద్ర రాక్షసి, ఓడల్ని ముంచిన రాక్షసి' అని పిలుస్తూ ఉండేవాడు. ఆయన భార్య గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని టికెట్లు చించేది. జాతర ముగిసి మిగతా అంగళ్ళు లేచిపోయినా ఆ గుడారం ఇంకో రెండు వారాలు ఉంది. కొండ పల్లెల నుంచి జనం దానికోసమే బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు.

మా ఇంట్లో దానికి పోవద్దన్నారు. పోవద్దన్నాక ఇక నాకు కాలు నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఎదురింటి పిల్లను వెంటబెట్టుకుని గుడారం వెనక్కి పోయాను. ఆమె తలనొప్పిగా ఉందని, ఎండలో నిలబడలేనని అంది. నేను వినిపించుకోలేదు. ఆమెను అక్కడే నిలబెట్టి, గుడ్డ కాస్త పైకి లేచినచోట బోర్లా పడుకుని లోపలికి దూరాను.

లోపల నేను చూసింది ఇంతే. వెదురు తడికెకు కట్టిన, ఎండిపోయిన నల్లటి తోలు ఒకటి. రెక్క చివర నుంచి రెక్క చివరకు రెండు బారలు ఉంటుంది. ముందువైపు రెండు కొమ్ములు, వాటి మధ్య పొయ్యి నోరంత నోరు, అందులో కోరలు. కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. ఉప్పు చేపల వాసన, దాని మీద వార్నీషు వాసన. నాలుగైదు ఊపిరులు తీసినంత సేపు ఉన్నానేమో. అది కదలలేదు. నాకే భయం పుట్టి, వచ్చిన దారినే మోకాళ్ళు గీరుకుంటూ బయటికొచ్చాను.

"ఏముండాది లోపల?" అని అడిగింది ఆ పిల్ల.

భయపడి పారిపోయి వచ్చానని చెప్పుకోవడం నాకు చిన్నతనంగా తోచింది. అది కళ్ళు తెరిచి నన్ను చూసిందని చెప్పాను. ఆమె పావడా అంచు పట్టుకుంది గానీ, ఎప్పటిలా కళ్ళు పెద్దవి చేయలేదు. తలనొప్పితో ఆమె మనసు నా మాటల మీద లేదని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నా కథ చాలలేదనుకున్నాను. ఇంకొకటి కలిపాను. "బయట నిలబడుండే పిల్ల పేరేమని అడిగింది మే. నేను నీ పేరు చెప్పినా."

అప్పుడు ఆమె ముఖం మారింది. నాకు కావలసింది అదే. తృప్తిగా ఇంటికి పోయి సంగటి తిన్నాను.

మరుసటి రోజు ఆమె వీధిలోకి రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. వాళ్ళ గడపలో తొంగిచూస్తే, జ్వరమని, తర్వాత రమ్మని వాళ్ళమ్మ అంది. మూడో రోజు వాళ్ళింటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. నేను వాళ్ళ మధ్య నుంచి దూరి లోపలికి పోయాను. మంచం మీద ఆ పిల్ల కళ్ళు సగం మూసుకుని, పెదాలు ఎండిపోయి, ఏదో గొణుగుతూ ఉంది. కొమ్ములు, రెక్కలు అంటోంది. ఉన్నట్టుండి తన పేరు తనే పిలుచుకుని, "పిలస్తాండాది, పోతాండా" అంది.

నేను మెల్లగా వెనక్కి జరగబోయాను.

వాళ్ళ అవ్వ నా భుజం పట్టుకుని, గుడారం దగ్గర ఏం జరిగిందో చెప్పమని అడిగింది. ఇంటి నిండా పెద్దవాళ్ళు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఒక దెబ్బతో పోయేది. నేను అదే కథ మళ్ళీ చెప్పాను. పెద్దవాళ్ళ ముందు నోరు వణికి, ఆ వణుకును కప్పుకోవడానికి, దాని నోట్లో నుంచి పొగ కూడా వచ్చిందన్నాను. నా వణుకు చూసి వాళ్ళు ఇంకా నమ్మారు.

సముద్రపు గాలి సోకిందని అవ్వ తేల్చేసింది. ఆ రాక్షసి ఊర్లో ఉన్నంతసేపు బిడ్డ గడప దాటకూడదు, దాటితే అది తీసుకుపోతుంది అంది. దాన్ని కాల్చి, ఆ బూడిద బిడ్డ నుదుట పెడితేనే జ్వరం దిగుతుందని వీధిలో ఎవరో అన్నారు. సాయంత్రానికి ఆ మాట ఎవరిదో ఎవరికీ తెలియకుండా అందరిదీ అయిపోయింది.

ఆ తర్వాతి రోజు నేను ఎట్లా గడిపానో చెప్పడం కష్టం. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. బడిలో కూర్చుంటే కాళ్ళు పరుగెత్తమంటాయి. నీళ్ళకు పోతున్నానని చెప్పి ఇంటికి వచ్చేదాన్ని, ఎదురింటి గడప దాకా పోయి మళ్ళీ వెనక్కి తిరిగేదాన్ని. వాళ్ళ గోడ పక్కన నిలబడి లోపలి గొణుగుడు వినేదాన్ని. వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం. మా అమ్మకు చెబుదామని రెండుసార్లు వంటింట్లోకి పోయి, నీళ్ళు తాగి తిరిగొచ్చాను. నేనన్న మాట నా నోట్లో నుంచి వెళ్ళిపోయి ఊరంతా తిరుగుతోంది. దాన్ని వెనక్కి పిలవడం నాకు చేతకాలేదు.

శనివారం పొద్దున మా చిన్నతాతయ్య వచ్చాడు. మా తాతకు తమ్ముడు. మదనపల్లెలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం లాబులో అటెండరు. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం మొదటి బస్సుకు ఊరికి వచ్చేవాడు. కప్పలూ పాములూ పిండాలూ ఉన్న గాజు సీసాలు తుడవడం, పిల్లలు కోసి చూసిన వాటిని ఎత్తి కడగడం ఆయన పని. ఆయన చొక్కాకు ఎప్పుడూ ఘాటైన మందు వాసన ఉండేది. దానివల్ల ఇంట్లో ఆడవాళ్ళు ఆయన్ని స్నానం చేయనిదే వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. చదివింది అయిదో తరగతి. కానీ లాబులో పాఠం జరిగేటప్పుడు వెనక నిలబడి ఇరవై ఏళ్ళు విన్నాడు.

ఆ రోజు ఆయన స్నానం కూడా చేయలేదు. సంగతి విని, సంచి అరుగు మీద పెట్టి, నేరుగా ఎదురింటికి పోయాడు. నేను వెనకాలే పోయాను. ఆయన పిల్ల నుదురు ముట్టుకున్నాడు, నాలుక చూశాడు. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి ఒకే ఒక మాట అడిగాడు.

"ఎన్ని దినాలుగా జ్వరం?"

"జాతరకు ముందు నుంచే ఒళ్ళు వెచ్చగా ఉండె మామా. ఎండకు అనుకుంటిమి."

"అయితే ఆ గుడారం రాకముందే వచ్చిన జ్వరం ఇది. మధ్యాహ్నం బస్సుకు మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకోని పోండి. రేపటిదాకా ఆగొద్దు."

తల్లి లేచింది. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. "ఆ రాక్షసి ఊర్లో ఉండగా బిడ్డ గడప దాటేది లేదు" అంది. ఆమె గొంతులో మొండితనం కంటే భయం ఎక్కువ ఉంది. ఆ పిల్ల అంటే ఆమెకు ప్రాణం. చిన్నతాతయ్య మళ్ళీ చెప్పాడు. ఆమె కదలలేదు. ఇంతలో వీధిలో నుంచి కేకలు వినిపించాయి. పిల్ల వాళ్ళ నాయన, ఇంకా ఏడెనిమిది మంది, కిరసనాయిలు డబ్బాతో గుడారం వైపు పోతున్నారని ఎవరో చెప్పారు.

చిన్నతాతయ్య నన్ను చూసి "నాతో రా" అన్నాడు. అంతే. ఎందుకని నేను అడగలేదు.

ఆయన పెద్ద అంగలు వేస్తుంటే నేను పక్కన పరుగెత్తుతున్నాను. సంత మైదానం దాకా అట్లాగే పోయాం. బొమ్మల గుడ్డ కనపడగానే ఒక్క క్షణం ఆగి దాని వైపు తేరిపార చూశాడు. "ఇది మా లాబులో పటంలో ఉండాది" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు. "లోపల నువ్వు ఎంతసేపు ఉంటివి?"

"కొంచెం సేపు" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. నాకు ఆ నిశ్శబ్దంలోనే తెలిసిపోయింది, ఆయనకు తెలుసని.

గుడారం ముందు జనం మూగి ఉన్నారు. పలక కొట్టే ఆయన చేతులు జోడించి, తన తెలుగంతా మరిచిపోయి, తమిళంలో బతిమాలుతున్నాడు. ఆయన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఎదురింటి పిల్ల నాయన సేద్యం చేసుకునే మనిషి, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. ఆ రోజు ఆయన కళ్ళు చూస్తే నాకు దడ పుట్టింది. డబ్బా ఆయన చేతిలోనే ఉంది.

చిన్నతాతయ్య పోయి ఆ చేతిమీద చెయ్యి వేశాడు. "కాల్చుదువులే అప్పా. కాల్చేముందు అదేమిదో ఒక్కసారి సూద్దాం రా. పగలే కదా" అన్నాడు. ఆ మాటకు ఎవరూ అడ్డం చెప్పలేకపోయారు. గుడారం ముందు గుడ్డంతా పైకెత్తి కట్టించాడు. ఎండ లోపలికి పడింది. పట్టినంతమంది లోపలికి వచ్చారు. నేను చిన్నతాతయ్య పంచె పట్టుకుని నిలబడ్డాను.

"సూడండి, నేను సముద్రం సూళ్ళేదు" అని మొదలుపెట్టాడు ఆయన. "మా సారు పాఠం చెప్తాంటే వెనక నిలబడి విన్నోణ్ణి. విన్నదేదో విన్నదని చెప్తా. ఈడ కంటికి కనపడేది సూపిస్తా. రెండూ కలపను."

ఆ మాటలు ఆయన వాళ్ళతో అన్నాడు. నాకు తగిలాయి.

అది చేప అని చెప్పాడు. మాంటా అంటారని, సొరచేపకు దాయాది అని, దానికి గట్టి ఎముకలు ఉండవని అన్నాడు. పిల్ల నాయనను తన చెవి తానే వంచి చూసుకోమన్నాడు, ఆ చేప లోపలంతా అట్లాంటి మెత్తటి ఎముకే అని. అవి కొమ్ములు కావన్నాడు. బతికుండగా మెత్తగా ఉంటాయి, తినేటప్పుడు వాటిని చేటల్లాగా విప్పి నీళ్ళను నోటివైపు తోసుకుంటుంది, ఊరికే ఈదేటప్పుడు చుట్టేసుకుంటుంది, చుట్టినప్పుడు చూసినవాళ్ళు కొమ్ములనుకుని దయ్యపు చేప అని పేరు పెట్టారు అని చెప్పాడు. నోటి లోపల రెండు పక్కలా దువ్వెన పళ్ళలాగా వరసగా ఉన్నదాన్ని వేలితో తాకి చూపించాడు. అది జల్లెడ. నోరు తెరుచుకుని ఈదుతూ ఉంటే నీళ్ళు లోపలికి వచ్చి, కింద ఉన్న చీలికల్లో నుంచి బయటికి పోతాయి. నలకలంత పురుగులు, పిల్ల రొయ్యలు ఆ జల్లెడలో నిలుస్తాయి. అదే దాని తిండి. "మనిషిని మింగను దీనికి గొంతే లేదప్పా" అన్నాడు.

"మరి ఆ కోరలు?" అన్నాడు పిల్ల నాయన.

చిన్నతాతయ్య జవాబు చెప్పలేదు. ఆయనకు తెలుసు. అయినా పలక కొట్టే ఆయన వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఒకరి బతుకుతెరువు తన నోటితో తీయడం ఇష్టంలేక ఆగాడని తర్వాత చాలా ఏళ్ళకు నాకు తోచింది.

అప్పుడు ఆ ఆడమనిషి ముందుకు వచ్చింది. భర్త ఏదో అనబోతే వినలేదు. చేప నోట్లోకి చెయ్యి పెట్టి ఒక కోరను పట్టుకుని లాగింది. అది బంకతో సహా ఊడి వచ్చింది. "ఇది పందిది సామీ" అంది. ఇంకొకటి లాగింది. అట్లా ఒక్కొక్కటే లాగి తన కొంగులో వేసుకుంది. తర్వాత ఎర్ర రంగు పూసిన గోలీలు రెండు కళ్ళలో నుంచి తీసింది. "పల్లు లేకపోతే ఎవరూ లోపలికి రారు. అందుకు మా ఆయన పెట్టినాడు. ఇది పాపం, సాధువు."

కోరలు పోయిన ఆ నోరు, గుంటలైన ఆ కళ్ళు చూసి జనం మెల్లగా సద్దుమణిగారు. డబ్బా నేలమీదికి దిగింది. కానీ పిల్ల నాయన కదలలేదు. ఆయన నా వైపు తిరిగాడు.

"అయితే ఈ పాపతో ఎట్ల మాట్లాడింది? నా బిడ్డ పేరు ఎట్ల అడిగింది?"

అందరి తలలూ నావైపు తిరిగాయి. చిన్నతాతయ్య నేను అబద్ధమాడానని అనలేదు. నా చెయ్యి పట్టుకుని చేప దగ్గరికి తీసుకుపోయాడు. నోట్లో చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. మోచేతి దాకా పోయింది. గరుకుగా, పొడిగా, ఎండిన తాటాకును తాకినట్టు ఉంది. అక్కడే ఆయన నా ఎత్తుకు వంగి కూర్చున్నాడు.

"నీ కన్ను ఎంత సూసిందో అంతే చెప్పు పాపా. తక్కినదాని గురించి నేను అడగను."

నా చెయ్యి ఇంకా ఆ నోట్లోనే ఉంది. "అది కదల్లా" అన్నాను. "కండ్లు తెరవలా. ఏమీ అడగలా. నేనే చెప్పినా." తర్వాత, ఎవరూ అడగకుండానే, "తనకు అంతకుముందే తలనొప్పి అనింది. నేనే ఎండలో నిలబెట్టినా" అన్నాను.

పిల్ల నాయన నన్ను కొడతాడనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన లేడు. మైదానం మీదుగా ఇంటివైపు పరుగెత్తుతున్నాడు. మేము వీధిలోకి వచ్చేసరికి ఆయన బిడ్డను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని బయటికి వస్తున్నాడు. గడపలో కూర్చున్న అవ్వతో ఏం చెప్పాడో నేను వినలేదు. ఆమె పక్కకు జరగడం మాత్రం చూశాను. జరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల వేలాడుతున్న పాదాన్ని ఒకసారి ముట్టుకుంది. మధ్యాహ్నం బస్సుకు చిన్నతాతయ్య కూడా వాళ్ళతో మదనపల్లె పోయాడు.

నన్ను ఎవరూ తిట్టలేదు. మా నాయన ఆ పూట నాతో మాట్లాడలేదు, అంతే. దెబ్బలు పడి ఉంటే మనసు కాస్త నిమ్మళించేదేమో. వారం రోజులు నేను బస్సుల చప్పుడు వింటూ బతికాను. హారను మోగితే చాలు, ఏ పనిలో ఉన్నా లేచి వీధి చివరికి పరుగెత్తేదాన్ని. చిన్నతాతయ్య మళ్ళీ శనివారమే వస్తాడని తెలుసు. తెలిసినా కాలు ఆగేది కాదు.

ఆయన వచ్చి టైఫాయిడు అని చెప్పాడు. ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉంచి ఉంటే పేగు చిల్లు పడేదని డాక్టరు అన్నాడట. జ్వరం ఇంకా తగ్గలేదు గానీ, మనుషుల్ని గుర్తుపడుతోందని, రెండు గుక్కల గంజి తాగిందని చెప్పాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

మరుసటి రోజు గుడారం ఎత్తేస్తున్నారని తెలిసి, ఆయన నన్ను అక్కడికి తీసుకుపోయాడు. మా అమ్మ చేత రాగి రొట్టెలు కట్టించాడు. వాటిని ఆ ఆడమనిషికి నా చేత ఇప్పించాడు. కోరలు పోయాక గుడారంలోకి ఒక్కరూ రాలేదట. ఆమె భర్త మాతో మాట్లాడలేదు, మూటలు కడుతూ ఉండిపోయాడు. నా అబద్ధం వాళ్ళ గుడారాన్ని కాల్చబోయింది, నా నిజం వాళ్ళ తిండి తీసింది. ఇందులో ఏది సరిచేయాలో తొమ్మిదేళ్ళ బుర్రకు తోచలేదు. ఈ వయసులోనూ పూర్తిగా తోచదు.

ఆమె మాత్రం మమ్మల్ని కూర్చోమంది. ఆ చేప సంగతి చెప్పింది. ఇది నేను చూసింది కాదు, ఆమె చెప్పింది. ఆమె నాయన సముద్రం మీద వేటకు పోయేవాడు. ఈ చేపలు పడవ దగ్గరికి వచ్చి, ఊరికే చుట్టూ తిరిగి చూసి పోయేవట, ఎవరినీ ఏమీ చేసేవి కావట. ఒకసారి వాళ్ళ లంగరు తాడు దీని కొమ్ముల మధ్య పడింది. వెనక్కి ఈదడం దానికి రాదు. ముందుకే పోతుంది, పోయేకొద్దీ తాడు బిగుస్తుంది. పూట సేపు పడవను లాక్కుంటూ పోయిందట. పడవలో అందరూ రాక్షసి పట్టిందని ఏడ్చారు. దానికే మనకంటే ఎక్కువ భయంగా ఉందని ఆమె నాయన ఒక్కడే అన్నాడు. చివరికి అలిసిపోయి ఆగింది. ఆగితే దానికి ఊపిరాడదు. ఎప్పుడూ ఈదుతూ ఉంటేనే చీలికల్లో నీళ్ళు పారి బతుకుతుందని చిన్నతాతయ్య నాకు విడమరిచి చెప్పాడు. చనిపోయే ముందు దాని కడుపులో నుంచి పిల్ల ఒకటి బయటపడింది. ఒకటే పిల్ల. రెక్కలు పొట్టమీదికి మడుచుకుని, చుట్టిన తమలపాకులాగా ఉందట. ఆమె నాయన దాన్ని నీళ్ళలోకి జారవిడిస్తే, మెల్లగా రెక్కలు విప్పుకుని పోయిందట.

"అవి నీళ్ళలో నుంచి పైకి ఎగురుతాయంట కదా, యాల?" అని చిన్నతాతయ్య ఆమెను అడిగాడు. ఆ ప్రశ్న ఆయన ఎన్నేళ్ళుగా మోస్తున్నాడో. ఆమె నవ్వి, అవునని, పడ్డప్పుడు చప్పుడు ఒడ్డు దాకా వినపడుతుందని, ఎందుకో మాత్రం తెలియదని చెప్పింది. ఆయన తల ఊపాడు. మా సారు కూడా అదే చెప్పినాడు, తెలియదని, అన్నాడు సంతోషంగా. తెలియదనే మాటను అంత సంతోషంగా అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఎదురింటి పిల్ల నెల తర్వాత ఇంటికి వచ్చింది. జుట్టంతా ఊడి, మెడ సన్నబడి, నవ్వితే పళ్ళే కనపడేవి. నేను రోజూ పోయి కూర్చునేదాన్ని. గుడారంలో నేను చెప్పిన నిజం ఆమె వినలేదు. ఆ సమయంలో ఆమెకు స్పృహ లేదు. పెద్దవాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చెప్పాలని నోరు తెరిచేదాన్ని, ఇంకేదో చెప్పి లేచి వచ్చేదాన్ని. ఏళ్ళు గడిచాయి. ఆమెకు కుప్పంలో పెళ్ళయింది. నేను నర్సు చదువు చదివి, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే ఉద్యోగానికి పడ్డాను. ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, శాంతిపురం దగ్గర పల్లెల్లో పిల్లలకు సూదులు వేసి వస్తూ, ఆమె ఇంట్లో ఆగాను. ఆమె వాకిట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేనూ చేయి కలిపాను. ఆ రోజు ఎందుకో నోరు వెనక్కి తగ్గలేదు. అంతా చెప్పేశాను.

ఆమె చేతిలోని కాయను రెండుగా విరిచి చాటలో వేసింది.

"మా నాయన అప్పుడే చెప్పినాడు నాకు" అంది. "నువ్వు ఎప్పుడు చెప్తావోనని సూస్తాంటిని."

పదిహేనేళ్ళు ఎదురు చూసిందన్నమాట. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆమే మళ్ళీ అంది. జ్వరంలో తనకు అది నిజంగానే కనపడిందట. దూలాల కింద మెల్లగా రెక్కలాడిస్తూ తిరుగుతూ ఉంటే, ఒళ్ళు కాలిపోతున్న తనకు ఆ రెక్కల గాలి చల్లగా తగిలిందట. తనకేమీ భయం వేయలేదట. "నువ్వు భయపెట్టాలని చెప్తివి. నాకు మాత్రం అది తోడున్నట్టు ఉండె" అని, చాట నా వైపు జరిపి, మిగిలిన కాయలు నన్ను తీయమంది.

చిన్నతాతయ్య సముద్రం చూడకుండానే పోయాడు. నేను చూశాను, రెండుసార్లు, ఒడ్డు నుంచి. ఆ చేపను ప్రాణంతో చూడలేదు. దాని పొట్టమీద మచ్చలు ఒకదానికున్నట్టు ఇంకొకదానికి ఉండవని, చిన్న చేపలు దాని ఒళ్ళు శుభ్రం చేస్తుంటే వరసలో వేచి ఉంటుందని తర్వాత ఎక్కడో చదివాను. ఇవి చదివినవి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తల్లులు నాకు ఎన్నో చెప్పారు. గాలి అని, దిష్టి అని, ఎవరి కళ్ళో పడ్డాయని. నేను ఎవరినీ చూసి నవ్వలేదు, అబద్ధమని అనలేదు. బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి, ఎన్ని దినాలుగా అని అడిగేదాన్ని. రాయవలసిన కాగితంలో నేను చూసింది ఒకచోట, వాళ్ళు చెప్పింది ఒకచోట రాసేదాన్ని. పై అధికారులు విసుక్కునేవారు, ఇంత వివరం ఎందుకని.

ఇప్పుడు కాళ్ళు కుదురుకున్నాయి, వయసు కుదిర్చింది. నోటికి మాత్రం ఆ రోజు పుట్టిన అలజడి పోలేదు. ఎంత చిన్న సంగతైనా చెప్పబోయే ముందు లోపల ఏదో ఒక్క క్షణం అటూ ఇటూ తిరుగుతుంది. చూసిందా, విన్నదా, కలుపుతున్నానా అని తడుముకుంటుంది. ఎదుటివాళ్ళు నేను మరిచిపోయానని అనుకుంటారు. అనుకోనిస్తాను. ఆ తడుములాట అయ్యాకే మాట బయటికి వస్తుంది.